అవ్వ ఇచ్చిన ఇత్తడి పడి ఇంకా ఆ అద్దాల పెట్టెలోనే ఉంది

"మా తాతల నాటి ఇత్తడి సామాను ఒక మ్యూజియం వాళ్లు అడుగుతున్నారు, ఇవ్వొచ్చా?" అని అడిగారు కదా. ఇవ్వొచ్చు. కానీ వాళ్లిచ్చే కాగితం మీద సంతకం పెట్టే ముందు ఇది చదవండి, ఎందుకంటే ఒకప్పుడు ఆ కాగితం పట్టుకుని ఇళ్లకు తిరిగినవాణ్ణి నేనే.

మాది తిరుపతి. డిగ్రీ చదివే రోజుల్లో, కొత్తగా పెడుతున్న ఒక చిన్న మ్యూజియం కోసం పల్లెల్లో పాత వస్తువులు సేకరించే పనికి వెళ్లాను. ఏర్పేడు వైపు ఒక ఊళ్లో ఒక అవ్వ ఇంట్లో ధాన్యం కొలిచే ఇత్తడి పడి కనిపించింది. అంచు అరిగి నున్నగా మెరుస్తోంది. అవ్వ మాకు మజ్జిగ ఇచ్చింది, పడిని చింతపండుతో తోమి మరీ చేతిలో పెట్టింది. ఫారం ఇంగ్లీషులో ఉంది. "ఏ షరతులూ లేకుండా శాశ్వతంగా ఇస్తున్నాను" అన్న ముక్క అందులో ఉంది. అది నేను ఆమెకు చదివి చెప్పలేదు. వేలిముద్ర వేయించింది మాత్రం నేనే.

ఏడాది తిరగకముందే అవ్వ బస్సెక్కి మ్యూజియానికి వచ్చింది. చేతిలో గుడ్డమూట, అందులో బియ్యం. "మనవడి పెండ్లి నాయనా. కొత్త కోడలు గడప దాటేటప్పుడు దీంట్లోనే బియ్యం పోసి పెట్టాల. మా అత్త వచ్చినప్పుడు ఇదే, నేనొచ్చినప్పుడు ఇదే, నా కోడలొచ్చినప్పుడూ ఇదే. పనైనాక మళ్లా తెచ్చిస్తా" అంది. బియ్యం సరిపోతాయో లేదో అక్కడే కొలిచి చూసుకుందామని మూట కూడా తెచ్చుకుంది. రిజిస్టర్లో నంబరు పడిపోయింది, బయటికి ఇవ్వడం కుదరదు అన్నారు ఆఫీసు వాళ్లు. అవ్వ వాళ్లతో వాదించలేదు. నా వైపు తిరిగి, "నేనేమన్నా అమ్మినానా? చూస్తామంటే ఇచ్చినా గదా" అంది. నా దగ్గర జవాబు లేదు.

పడి అద్దం వెనక ఉంది. పక్కన చీటీ మీద ఇంగ్లీషులో "ధాన్యం కొలిచే పాత్ర, చిత్తూరు జిల్లా" అని మాత్రమే రాశారు. దాని అడుగున అవ్వ వాళ్ల అత్తగారి పేరు కొట్టించి ఉంది. మన ఇళ్లలో ఏ గిన్నె బోర్లించినా ఒక పేరు ఉంటుంది. అది ఏ ఇంటిదో, ఎవరి పెళ్లికి పెట్టిందో చెప్పేది ఆ పేరే. దాన్ని రిజిస్టర్లో ఎక్కించాలని మాలో ఒక్కరికీ తోచలేదు.

మర్నాడు గాంధీ రోడ్డులో కొత్త పడి ఒకటి కొని తీసుకెళ్లి ఇచ్చాను. అవ్వ తెలిసిన చేత్తో బియ్యం పోసి, మిగిలినవి చూపించి, "ఒక గుప్పెడు తక్కువ పట్టింది నాయనా" అంది. పెళ్లి దానితోనే జరిగింది.

అమెరికాలో 1990లో ఒక చట్టం వచ్చింది. ప్రభుత్వ డబ్బు తీసుకునే మ్యూజియాలు అక్కడి మూలవాసుల పవిత్ర వస్తువులను వాళ్లకు తిరిగి ఇవ్వాలి. ఆ చట్టం పవిత్రమైనవని వేటినంటుందో చూడండి: ఈరోజుకీ తమ ఆచారం జరుపుకోవడానికి వాళ్లకు కావలసిన వస్తువుల్ని. అవ్వ అడిగింది సరిగ్గా అదే! ప్రపంచ మ్యూజియాల సంఘం 2022లో ప్రాగ్‌లో మ్యూజియానికి కొత్త నిర్వచనం రాసుకున్నప్పుడు, జనం భాగస్వామ్యంతో నడవాలి అన్న మాట చేర్చింది. ఆ మాట మన జిల్లాల ఫారాల్లోకి ఎప్పుడొస్తుంది?

ప్రకాశం జిల్లా చందవరం నుంచి దొంగలెత్తుకుపోయిన బౌద్ధ శిల్పాన్ని ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీ 2016లో వెనక్కి ఇచ్చింది. మనమందరం సంతోషించాం. నేనూ సంతోషించాను. కానీ దొంగతనం ఒక్కటే తప్పు కాదు. మొహమాటానికి ఇచ్చినదాన్ని దానంగా రాసుకోవడం కూడా తప్పే. ఇక రిసార్టుల వాళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. పల్లెల్లో గంగాళాలు, గుమ్మాలు తూకానికి కొనుక్కుపోయి, ఆ గంగాళంలో నీళ్లు పోసి పూలు తేలేసి వాకిట్లో పెడుతున్నారు. చూసినప్పుడల్లా కడుపు మండుతుంది.

కొన్నిటిని అసలు దాచకూడదు కూడా. మా తాతయ్యగుంట గంగమ్మ జాతర చివర్లో మట్టితో అమ్మవారి విశ్వరూపం చేస్తారు. ఆ మట్టి ముఖం చెంప నరికాక ఆ మట్టి కోసం జనం ఎగబడి, దొరికిన ముద్ద ఇంటికి తీసుకుపోతారు. ఎంత గొప్ప మ్యూజియమైనా ఆ ముఖాన్ని అద్దాల పెట్టెలో పెడతానంటే తిరుపతి ఒప్పుకోదు. ఫొటోలు తీసుకోండి, జాతరలో వేషాలు కట్టే కుటుంబాల దగ్గర కూర్చుని వాళ్లు చెప్పింది రాసుకోండి. అది కూడా సేకరణే.

మీ ఇత్తడి సామాను విషయానికొస్తే, ఫారం తెలుగులో అడగండి, ఇంట్లో పెద్దవాళ్ల ముందు గట్టిగా చదివించండి. ఆ సామాను మీద అక్కచెల్లెళ్లకు, ఆడపడుచులకు కూడా మాట ఉంటుంది, వాళ్లనూ అడగండి. శాశ్వతంగా వద్దు, ఐదేళ్లకు అప్పుగా ఇస్తామనండి. మ్యూజియాలు ఒకదానికొకటి అలా ఇచ్చిపుచ్చుకుంటూనే ఉంటాయి, మీకెందుకు కుదరదు? పెళ్లికో పండక్కో కావాలంటే ఇవ్వాలని రాయించండి. ప్రతి గిన్నె బోర్లించి, ఏ పేరుంటే ఆ పేరు చీటీ మీద వేయమనండి. వీటికి ఒప్పుకోకపోతే అటక మీదే ఉండనివ్వండి.

అవ్వ ఇప్పుడు లేదు. ఆ అత్తగారి పేరు చీటీ మీద చేర్చమని నేను రెండుసార్లు ఉత్తరం రాశాను. వచ్చే నెల ఆమె మనవణ్ణి వెంటబెట్టుకుని మళ్లీ వెళ్తున్నాను.