ఫోన్లకు నెట్‌వర్క్ అడ్రస్ (ఐపీ) పంచే డీహెచ్‌సీపీ సర్వీస్ ‘యాక్టివ్’ అనే చూపిస్తోంది, ఫోన్లకు మాత్రం ఐపీ రావడం లేదు. ఎక్కడ చూడాలి?

మీరు చెప్పినదాని ప్రకారం తిరుపతి బస్టాండ్ దగ్గర 40 గదుల లాడ్జి, లైనక్స్ బాక్స్ మీద ఐఎస్‌సీ అనే సంస్థ తయారుచేసిన డీహెచ్‌సీపీ సర్వర్. శనివారం పొద్దున్నుంచి కొత్తగా దిగినవాళ్ల ఫోన్లు ఐపీ దగ్గరే ఆగిపోతున్నాయి, రీస్టార్ట్ చేసినా అంతే.

స్టేటస్‌లో ఆ గ్రీన్ అక్షరాలు చెప్పేది ప్రాసెస్ నడుస్తోందని, అంతవరకే. అడ్రస్‌లు పంచుతోందా లేదా అన్నది లాగ్‌లోనే తెలుస్తుంది. స్టేటస్ కింద కనిపించే చివరి పది లైన్లు చాలవు. జర్నల్‌సీటీఎల్‌లో (లాగ్ చూపించే లైనక్స్ కమాండ్) ఆ సర్వీస్ పేరిచ్చి పొద్దున్నుంచి లాగ్ మొత్తం చదవండి. ఒక్కో ఫోన్‌కీ డిస్కవర్ (ఫోన్ అడగడం), ఆఫర్ (సర్వర్ ఒక అడ్రస్ చూపడం), రిక్వెస్ట్ (ఫోన్ అది కావాలనడం), యాక్ (సర్వర్ ఖాయం చేయడం) వరుసగా రావాలి. ఎక్కడ తెగిందో అక్కడే తప్పు. డిస్కవరే లేకపోతే అడిగిన మాట సర్వర్ దాకా రావడం లేదు. టీసీపీడంప్‌తో (నెట్‌వర్క్‌లో వచ్చిపోయే మెసేజ్‌లు చూపే టూల్) డీహెచ్‌సీపీ వాడే 67, 68 పోర్టులు చూసి, తప్పు యాక్సెస్ పాయింట్‌లో ఉందా, స్విచ్‌లో ఉందా, వీల్యాన్‌లో (స్విచ్‌లో విడదీసిన నెట్‌వర్క్) ఉందా వెతకండి. వేరే అడ్రస్ నుంచి కూడా ఆఫర్ వస్తుంటే, ఎవరో ఇంకో రౌటర్ తగిలించారన్నమాట.

మీ విషయంలో నా అనుమానం వేరు. నేను ఇక్కడ లాడ్జీలకు నెట్‌వర్క్ పనులు చేస్తుంటాను. ఇలాంటి ఒకచోట డిస్కవర్ పక్కనే ‘నో ఫ్రీ లీజెస్’ (ఇవ్వడానికి అడ్రస్ మిగల్లేదు) అని వరుసగా కనిపించింది. పూల్ (పంచడానికి పెట్టిన అడ్రస్‌లు) 100 నుంచి 200 వరకే, లీజు (అడ్రస్ ఒక ఫోన్ పేరు మీద ఉండే గడువు) 24 గంటలు. భక్తులు తెల్లవారుజామున దిగుతారు, స్నానాలు చేసి కొండెక్కుతారు. ఫోన్ వెళ్లిపోతూ సర్వర్‌కి చెప్పదు కదా, ఆ అడ్రస్ మర్నాటిదాకా దాని పేరు మీదే ఉంటుంది. లీజుల ఫైల్ తెరిస్తే ఇదంతా కనిపిస్తుంది. అందులో టైమ్ మామూలుగా యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) ఉంటుంది, ఐదున్నర గంటలు కలిపి చదవండి. లేకపోతే లీజు ఎప్పుడో ముగిసిపోయిందని పొరబడతారు.

ముందు పూల్ పెంచండి, 10 నుంచి 250 వరకు ఇవ్వొచ్చు. రౌటర్‌కో ప్రింటర్‌కో చేత్తో ఇచ్చిన అడ్రస్‌లు మాత్రం అందులో పడకూడదు. తర్వాత డిఫాల్ట్ లీజు, మ్యాక్స్ లీజు రెండూ 3600 సెకన్లు చేయండి. డిఫాల్ట్ ఒక్కటే మారిస్తే ఎక్కువసేపు అడిగిన ఫోన్‌కి ఎక్కువే ఇచ్చేస్తుంది. పాత లీజులు వెంటనే తగ్గవు, కాబట్టి ఈరోజుకి ఆదుకునేది పూల్ పెంచడమే. బ్రహ్మోత్సవాల రద్దీకి అదీ చాలకపోతే /23 అనే పెద్ద నెట్‌వర్క్ సైజుకి వెళ్లండి, 510 అడ్రస్‌లు వస్తాయి. అప్పుడు రౌటర్‌లో కూడా మాస్క్ (నెట్‌వర్క్ సైజు చెప్పే సెట్టింగ్) మార్చాలి.

రీస్టార్ట్‌కి ముందు ‘డీహెచ్‌సీపీడీ’ (ఈ సర్వర్ ప్రోగ్రామ్) కమాండ్‌కి ‘-టీ’ (చిన్న అక్షరం) ఇచ్చి కాన్ఫిగ్ పరీక్షించండి. ఒక్క సెమీకోలన్ పోయినా సర్వీస్ లేవదు. కరెంట్ పోయి వచ్చాక ‘ఫెయిల్డ్’ అని కనిపిస్తే, ఇంటర్‌ఫేస్ లేవకముందే సర్వీస్ మొదలైందేమో చూడండి. ఈ సర్వర్‌కి ఐఎస్‌సీ 2022లోనే మెయింటెనెన్స్ ఆపేసింది, తీరిక దొరికినప్పుడు ఐఎస్‌సీదే కొత్త సర్వర్ కియాకి మారడం మంచిది.

పూల్ పెంచాక కూడా ఆగితే టీసీపీడంప్ అవుట్‌పుట్ ఇక్కడ పెట్టండి, చూస్తాను.