పిల్లల బృందగానం జట్టు పెరగాలంటే, ఊళ్లు తిరగాలంటే ఏం చూసుకోవాలి?

ప్రశ్న చూశాను. కాలనీలో పాతికమంది పిల్లలతో బృందగానం నడుపుతున్నారు, వేరే ఊళ్లలోనూ పాడించాలని ఉంది, ఆస్ట్రియా రాజధానిలో పేరుమోసిన వియన్నా బాలుర గాయక బృందం అంత పెద్దది ఎలా అయింది, మనకది సాధ్యమేనా అని అడిగారు. సాధ్యమే. కాకపోతే మన దగ్గర చాలామంది మొదలుపెట్టడమే తప్పు చోట మొదలుపెడతారు. మంచి గొంతులు పోగేసి, ఒక్క బ్యాచ్‌ను బాగా తయారుచేసి, ఆ బ్యాచ్‌తోనే ఊళ్లు తిరుగుతారు. అబ్బాయిలకు గొంతు మారుతుంది, పదో తరగతికి రాగానే అందరికీ ట్యూషన్లు మొదలవుతాయి, జట్టు అక్కడితో ఆగిపోతుంది. వెనక ఇంకో వరుస తయారవుతోందా లేదా అన్నదే జట్టు ఆయుష్షును తేల్చేది.

వియన్నా బృందం చరిత్ర 1498తో మొదలవుతుంది. మాక్సిమిలియన్ చక్రవర్తి ఆస్థానాన్ని ఇన్స్‌బ్రుక్ నుంచి వియన్నాకు మారుస్తూ, సంగీతకారుల్లో ఆరుగురు అబ్బాయిలు ఉండాలని ఆజ్ఞ ఇచ్చాడు. అక్కణ్ణించి 1918 దాకా వాళ్లు పాడింది రాజాస్థానం కోసమే. ఇవాళ మనం చూస్తున్న, దేశాలు తిరిగే బృందం వయసు మాత్రం వందేళ్లే. 1918లో ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యం కూలాక ఆస్థాన సంగీతం పోషణ పోయింది. ఆస్థాన ప్రార్థనాలయం పెద్ద యోజెఫ్ ష్నిట్ 1924లో బృందాన్ని మళ్లీ నిలబెట్టాడు. పాత సైనిక విద్యార్థుల యూనిఫాం తీసేసి నావికుల దుస్తులు తెచ్చింది అప్పుడే. పిల్లల తిండికీ చదువుకూ డబ్బు చాలక 1926లో బయట కచేరీలు మొదలుపెట్టారు. ఏడాది తిరిగేసరికి బెర్లిన్, ప్రాగ్, జ్యూరిక్‌లలో పాడారు. 1928లో ఏథెన్స్, రీగా. 1929లో స్పెయిన్, ఫ్రాన్స్, డెన్మార్క్, నార్వే, స్వీడన్. 1932లో అమెరికా, 1934లో ఆస్ట్రేలియా, 1936లో దక్షిణ అమెరికా. పదేళ్లలో ఇంత దూరం వెళ్లారంటే కారణం పేరు మీద మోజు కాదు, పూట గడవాలి. అందుకే ప్రయాణం ఖర్చు పోను చేతికి ఎంత మిగులుతుందన్న లెక్క వాళ్లకు మొదటి రోజునుంచీ ఉంది. మన దగ్గర ఆ లెక్క వేసేవాళ్లు తక్కువ. ఆహ్వానించినవాళ్లు శాలువా కప్పి, మెమెంటో ఇచ్చి పంపిస్తారు, బస్సు అద్దె తల్లిదండ్రుల నెత్తిన పడుతుంది. రెండుసార్లు అలా జరిగితే మూడోసారి పిల్లల్ని పంపరు. రానూపోనూ బండి, భోజనాలు, పడక ఆహ్వానించినవాళ్లవే అని ముందే కాగితం మీద రాయించుకోండి. మొహమాటపడొద్దు.

ఇప్పుడు ఆ బృందంలో సుమారు 100 మంది అబ్బాయిలున్నారు. నాలుగు జట్లు: బ్రూక్నర్, హైడన్, మోత్సార్ట్, షూబర్ట్ అనే పాత సంగీతకర్తల పేర్లతో. ఒక్కో జట్టు ఏడాదిలో 9 నుంచి 11 వారాలు పర్యటనలో ఉంటుంది. మిగతావి ఇంటిపట్టున చదువుకుంటూ, ఆదివారం హోఫ్‌బుర్గ్ (పాత రాజభవనం) ప్రార్థనాలయంలో పాడటం చూసుకుంటాయి. అన్నీ కలిపి ఏడాదికి 300 కచేరీల దాకా అవుతాయి. దాదాపు పదో ఏట చేరి 14కు బయటికొస్తారు. అంటే నాలుగేళ్లు. 100 మందిలో ఏటా పాతికమంది వెళ్లిపోతారు, పాతికమంది కొత్తవాళ్లు సిద్ధంగా ఉండి తీరాలి. ఒకప్పుడు ఈ గడువు ఇంకొంచెం ఎక్కువ ఉండేది. ఇదే ఆస్థాన బృందంలో పాడిన షూబర్ట్‌కు గొంతు మారింది 15 ఏళ్లకు. తన స్వరపత్రం మీద "షూబర్ట్ ఆఖరిసారి కూసింది 1812 జూలై 26న" అని రాసి పెట్టుకున్నాడు. ఇప్పుడు చాలామంది అబ్బాయిలకు 12, 13 ఏళ్లకే మారుతోంది. కాబట్టి పాతికమంది పాడే జట్టు మీకుంటే, వెనక 7, 8 ఏళ్ల పిల్లలు కనీసం పదిహేనుమంది నారుమడిలో నారులా పెరుగుతుండాలి. వాళ్లకు వారానికి రెండు క్లాసులు, ఒక్కోటి 40 నిమిషాలు చాలు. పెద్ద జట్టు పాటల్లో పల్లవులు మాత్రం నేర్పండి. మనిషి తగ్గినప్పుడు పైకి తీసుకోవడం తేలికవుతుంది.

ఒక్క మనిషి మీద జట్టంతా ఆధారపడితే ఏమవుతుందో చూపే ఘటన 1939లో ఒకటి జరిగింది. ఇది పైన చెప్పిన బృందం కాదు. వియన్నా మోత్సార్ట్ బాలుర బృందం అని మరొకటి, నడిపింది గియోర్గ్ గ్రూబర్. ప్రపంచ పర్యటనలో భాగంగా వాళ్లు ఆస్ట్రేలియా పశ్చిమ తీరంలో పెర్త్‌లో ఉండగా రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. ఇంటికి వెళ్లే దారి లేదు. తల్లిదండ్రులున్న ఆస్ట్రియా అప్పటికి జర్మనీలో కలిసిపోయింది, అంటే ఆస్ట్రేలియాకు శత్రుదేశం. మెల్‌బోర్న్ ఆర్చ్‌బిషప్ (క్యాథలిక్ మతపెద్ద) డేనియల్ మానిక్స్ ముందుకొచ్చి, పిల్లలు సెయింట్ పాట్రిక్స్ కెథీడ్రల్ అనే పెద్ద చర్చిలో పాడేటట్టు, బదులుగా వాళ్ల చదువు తను చూసుకునేటట్టు ఏర్పాటు చేశాడు. నగరంలోని కుటుంబాలు వాళ్లను ఇళ్లలో పెట్టుకున్నాయి. 1941లో గ్రూబర్‌ను నాజీ సంబంధాల కారణంగా ప్రభుత్వం నిర్బంధించింది. ఆ కెథీడ్రల్ గాయక బృందం ఈ పిల్లలతోనే మొదలైంది. పరాయి దేశంలో వాళ్లు చెల్లాచెదురు కాకుండా ఉన్నారంటే అక్కడ బాధ్యత తీసుకున్న ఒక సంస్థ ఉండబట్టే. మన పర్యటనల్లో యుద్ధాలు రాకపోవచ్చు. మాస్టారికి జ్వరం రావచ్చు, రైళ్లు రద్దు కావచ్చు. పాటలన్నీ తెలిసిన రెండో మనిషి బండిలో ఉండాలి. పిల్లల కాగితాలు (తల్లిదండ్రుల అనుమతి, ఇద్దరి ఫోన్ నంబర్లు, పడని మందులు, బ్లడ్ గ్రూపు) రెండు సెట్లు చేసి ఇద్దరి సంచుల్లో వేరువేరుగా పెట్టాలి. తిరుగు ప్రయాణం డబ్బు ముట్టుకోకుండా విడిగా ఉంచాలి.

పాట సంగతికొస్తే, మన జట్లను పాడుచేస్తున్నది కరవోకే ట్రాకులు (అసలు గాయకుడి శ్రుతిలోనే ఉండే, గొంతు లేని వాద్య సంగీతం). మగ గాయకుడు ఒకటిన్నర శ్రుతిలో (కీబోర్డు మీద సి షార్ప్) పాడిన పాటను పిల్లలు పై స్థాయిలో అందుకుంటే చరణంలో అరుపులవుతాయి, కింది స్థాయిలో పాడితే గొణుగుడవుతుంది. పాటలో అన్నిటికన్నా పై స్వరం ఏదో ముందు చూడండి. 8 నుంచి 10 ఏళ్ల పిల్లలకు అది కీబోర్డు మీద మధ్య సికి పైన వచ్చే తర్వాతి సి, దాని పక్కనున్న డి దాటకుండా శ్రుతి పెట్టండి. బాగా సాధన ఉన్న పిల్లలైతే ఇ, ఎఫ్ దాకా పోవచ్చు. వాద్యం లేకుండా పాడేటప్పుడు మూడో చరణానికి శ్రుతి అర మెట్టు దిగిపోతుందని చాలామంది బాధపడతారు. అలసట ఒక కారణం. అవరోహణలో (స్వరాలు పై నుంచి కిందికి దిగేటప్పుడు) మెట్లు వెడల్పుగా దిగడం ముఖ్య కారణం. అవరోహణ మాత్రమే విడిగా, మెల్లగా, సన్నని గొంతుతో, 'ఊ' అంటూ పది నిమిషాలు చేయించండి. గట్టిగా పాడించిన కొద్దీ ఇంకా దిగుతుంది.

వేదిక మీద పిల్లలు కళ్లు తిరిగి పడిపోవడం కూడా ఉంది, దీని గురించి ఎవరూ ముందే చెప్పరు. మోకాళ్లు బిగించి కదలకుండా 20 నిమిషాలు నిలబడితే రక్తం కాళ్లలో నిలిచి తలకు తగ్గుతుంది. పైన లైట్ల వేడి, ముఖ్య అతిథి కోసం గంటన్నర ఎదురుచూపు, ఖాళీ కడుపు తోడైతే అయిపోయినట్టే. ముందు ఆవలింతలు వస్తాయి, పెదాలు పాలిపోతాయి, పై పెదవి మీద చెమట పడుతుంది, మనిషి కొద్దిగా ఊగుతాడు. ఎదురుగా నిలబడి నడిపించేవారికి ఇది కనిపిస్తుంది. మోకాళ్లు కొంచెం సడలించి, బరువు ఒక కాలి నుంచి ఇంకో కాలికి మార్చుకోవడం రిహార్సల్‌లోనే అలవాటు చేయండి. ఎవరికైనా తల తిరిగితే పక్కనున్నవాళ్లు మోచెయ్యి పట్టుకుని ఇద్దరూ అక్కడే కూర్చోవాలి, మిగతావాళ్లు పాట ఆపకూడదు. తర్వాత పడుకోబెట్టి కాళ్లు ఎత్తి పెడితే తేరుకుంటారు. ముఖ్య అతిథి వచ్చేదాకా పిల్లల్ని వరసలో నిలబెట్టమనే నిర్వాహకులకు కుదరదని చెప్పండి. పసిపిల్లల్ని అలా నిలబెట్టడం అన్యాయం.

కచేరీకి రెండు గంటల ముందు ఇడ్లీయో ఉప్మాయో పెట్టండి. బిర్యానీ, వేపుళ్లు తర్వాత. ముందు తింటే పుల్లతేన్పులొచ్చి గొంతు మండుతుంది. బస్సులో అంత్యాక్షరి ఆడనివ్వకండి. ఇంజన్ మోత మీద వినపడాలని పిల్లలు అరుస్తారు, దిగేసరికి సగంమందికి గొంతు రాసుకుపోతుంది. 24 మంది పిల్లలకు నలుగురు పెద్దలు, అందులో ఇద్దరు ఆడవాళ్లు, ఒక్కొక్కరికి ఆరుగురు చొప్పున అప్పగించి, బండి ఎక్కిన ప్రతిసారీ ఎవరి ఆరుగురిని వాళ్లు లెక్కపెట్టుకోవాలి. వరసగా రెండు రోజులు పాడితే మూడో రోజు విశ్రాంతి.

సౌండ్ వాళ్లు నాలుగు చేతి మైకులు తెచ్చి ముందువరస పిల్లలకు ఇస్తారు. ఆ నలుగురి గొంతే వినిపిస్తుంది. రెండు కండెన్సర్ మైకులు (దూరం నుంచి కూడా గొంతులన్నీ అందుకునేవి) అడగండి. ముందువరసకు 3 అడుగుల ముందు, వెనకవరస తలలకు రెండు మూడు అడుగుల పైన, ఒకదానికొకటి 9 అడుగుల దూరంలో స్టాండ్లకు పెట్టించండి. ఎకో తగ్గించమనండి.

ప్రతి సోలో ఇద్దరికి నేర్పండి, ఏ ఊళ్లో ఎవరు పాడతారో బయల్దేరే ముందే రాసి తల్లిదండ్రులకు పంపండి. సోలో మా అమ్మాయికే అన్న గొడవలు బస్సెక్కాక రాకుండా ఉంటాయి. మొదటి పర్యటన నాలుగు గంటల ప్రయాణం దాటని ఊరికి, ఒక్క రాత్రి బసతో పెట్టుకోండి. డిసెంబరు సెలవులకన్నా దసరా సెలవులు నయం. జలుబులు తక్కువ, వార్షిక పరీక్షలు దూరంగా ఉంటాయి.