తమిళ పెళ్లి శుభలేఖల మీద కనిపించే ‘యాయుం ఞాయుం’ పద్యం పెళ్లి గురించేనా?

నేరుగా కాదు. చెన్నైలో తమిళ స్నేహితుల శుభలేఖల మీద దీన్ని చూసి మనవాళ్లు మంగళాశాసనం అనుకుంటారు. ఇది ప్రాచీన తమిళ సంగం కాలపు ప్రేమ పద్యాల సంకలనం ‘కురుంతొగై’లో 40వ పద్యం, పెళ్లికి ముందటి మాట.

కొండ ప్రాంతంలో ఇద్దరు రహస్యంగా కలుసుకున్నారు. ఇతను నన్ను వదిలేస్తాడేమోనని ఆమెకు టెన్షన్. అది గమనించి అతను అంటాడు: మా అమ్మ, మీ అమ్మ ఒకరికొకరు ఏమవుతారు? మా నాన్నకీ మీ నాన్నకీ ఏం చుట్టరికం? నువ్వూ నేనూ ఎలా ఎరుగుదుం? అయినా ఎర్రమట్టి నేల మీద పడ్డ వాననీరులా మన మనసులు కలిసిపోయాయి.

మేనరికాలు ఎరిగిన మనకి ఆ మూడు ప్రశ్నల బరువు ఇట్టే తెలుస్తుంది. పెద్దలు కలిపిన సంబంధం కాదు, బంధుత్వం హామీ లేదు. ఆమె భయానికి కారణమూ అదే. అతను దాన్ని దాచకుండా ముందు తనే ఒప్పుకుంటాడు. నాకు పద్యంలో గొప్పగా అనిపించేది ఇదే. పోలిక సంగతి సరేసరి: ఎరుపెక్కిన నీళ్లని మళ్లీ తేటగా విడదీయలేం. కవి అసలు పేరు పోయింది. ఈ పోలికతోనే ఆయన్ని ‘సెంబులప్పెయనీరార్’ (ఎర్రమట్టి నేల వాననీరు కవి) అంటారు.