కాలిఫోర్నియాలో కేబినెట్, వియత్నాంలో లేని గద్దె

1995లో కాలిఫోర్నియాలోని గార్డెన్ గ్రోవ్ కేంద్రంగా, వియత్నాం కమ్యూనిస్టు సర్కారుకు పోటీగా మొదలై 2013లో రద్దయిన ‘స్వేచ్ఛా వియత్నాం ప్రభుత్వం’ గురించి, దానికి ప్రధానిగా చెలామణి అయిన న్గుయెన్ హూ చాన్ గురించి గత సంచికలో రాశాం. దాని మీద నగరం నుంచి వచ్చిన ప్రశ్నల్లో కొన్నింటికి జవాబులివి.

ప్ర: ఎవరైనా తనను తాను ప్రధానినని ప్రకటించుకోవచ్చా? అది ఎక్కడ చెల్లుతుంది?
– చిక్కడపల్లి పాఠకుడు

జ: ప్రకటించుకోవచ్చు. అమెరికాలో మాట్లాడే స్వేచ్ఛ అంతవరకూ రక్షిస్తుంది. అయితే చెల్లుబాటు అనేది మిగతా దేశాల చేతిలో ఉంటుంది. అవి చూసేవి ప్రధానంగా మూడు: ఈ ప్రభుత్వం ఒకప్పుడు నిజంగా పాలించి, అదే రాజ్యాంగం ప్రకారం బయటికి వచ్చిందా? దాని ఖజానా, సైన్యం, రాయబార కార్యాలయాలు దానితోనే ఉన్నాయా? గుర్తించిన దేశాలెన్ని? రెండో ప్రపంచ యుద్ధంలో లండన్ నుంచి నడిచిన పోలండ్ ప్రభుత్వం మూడింటిలోనూ నెగ్గింది. 1943 అక్టోబర్ 21న సింగపూర్‌లో ప్రకటించిన ఆజాద్ హింద్ ప్రభుత్వం (మన హైదరాబాదీ ఆబిద్ హసన్ నేతాజీ వెంట నడిచిన వాడేనని మీకు తెలిసే ఉంటుంది) పాత ప్రభుత్వానికి కొనసాగింపు కాదు. అయినా జపాన్, జర్మనీ సహా కొన్ని దేశాల గుర్తింపు దానికి దక్కింది.

గార్డెన్ గ్రోవ్ ప్రభుత్వానికి మూడింటిలో ఒక్కటీ లేదు. దక్షిణ వియత్నాం అధ్యక్షుడు న్గుయెన్ వాన్ థియు 1975 ఏప్రిల్ 21న రాజీనామా చేశాడు. చివరి అధ్యక్షుడు జువాంగ్ వాన్ మిన్ ఏప్రిల్ 30న కమ్యూనిస్టు సేనలకు బేషరతుగా లొంగిపోయాడు. అధికారం చేతులు మారి విదేశానికి చేరిన దాఖలా లేదు. థియు కూడా తర్వాత బ్రిటన్‌లో, ఆపైన అమెరికాలో బతికి 2001లో బోస్టన్‌లో కన్నుమూశాడు. నిజంగా ఏలినవాడు పోటీ కేబినెట్ నడపలేదు, ఏలనివాళ్లు నడిపారు. ఇంకో తమాషా: ఈ ప్రభుత్వం పుట్టింది 1995 ఏప్రిల్ 30న. మూడు నెలలైనా తిరక్కుండానే, జులై 11న, అమెరికా అధ్యక్షుడు క్లింటన్ హనోయ్‌లోని కమ్యూనిస్టు ప్రభుత్వంతో దౌత్య సంబంధాలు ప్రకటించాడు.

ప్ర: మూడు ఎర్ర చారల పసుపు జెండాను అమెరికా పట్టణాల మునిసిపల్ భవనాల మీద ఎగరేస్తారట. అది గుర్తింపు కాదా?
– తార్నాక పాఠకురాలు

జ: కాదు. 2003లో వెస్ట్‌మిన్‌స్టర్ మొదలుకొని పలు నగర కౌన్సిళ్లు ఈ పాత దక్షిణ వియత్నాం జెండాను ప్రవాసుల వారసత్వ జెండాగా తీర్మానించాయి. అమెరికాలో విదేశీ ప్రభుత్వాన్ని గుర్తించే అధికారం అధ్యక్షుడొక్కడిదేనని అక్కడి సుప్రీంకోర్టు 2015లో తేల్చింది. నగర కౌన్సిల్ తీర్మానానికి విదేశాంగ విధానంలో విలువ లేదు.

ప్ర: చాన్‌ను సియోల్‌లో పట్టుకున్నారు కదా, వియత్నాంకు ఎందుకు అప్పగించలేదు? గుర్తింపు లేని ప్రధానికి కోర్టు అంత మర్యాద ఇచ్చిందా?
– మెహదీపట్నం, లా విద్యార్థి

జ: మర్యాద పదవికి దక్కలేదు, నేరం స్వభావానికి దక్కింది. 2006 ఏప్రిల్‌లో అరెస్టు జరిగింది. వియత్నాం రాయబార కార్యాలయాలపైనా, మరికొన్ని చోట్లా బాంబు దాడులకు కుట్ర పన్నాడన్నది ఆరోపణ. దక్షిణ కొరియాలో అప్పగింత పిటిషన్లు విచారించేది సియోల్ హైకోర్టు ఒక్కటే. దాని మాటే ఆఖరు, అప్పీలు ఉండదు. జులై 27న అది ‘ఇది రాజకీయ నేరం, అప్పగించం’ అని తేల్చింది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. రాజద్రోహం లాంటిది శుద్ధ రాజకీయ నేరం. మామూలు నేరమే రాజకీయ ఉద్దేశంతో చేస్తే అది సాపేక్ష రాజకీయ నేరం. వివాదమంతా రెండో దానితోనే. ఉద్దేశం ఏమిటి, నేరానికీ ఆ ఉద్దేశానికీ ఉన్న లంకె ఎంత దగ్గరిది, ఎంత హాని జరిగింది అన్నవి కోర్టు తూకం వేస్తుంది. ఇక్కడ కుట్ర, సన్నాహాల దశ దాటలేదు. పైగా బాంబు దాడుల నిరోధానికి 1997లో వచ్చిన ఐక్యరాజ్యసమితి ఒప్పందంలో వియత్నాం అప్పటికి చేరలేదు. చేరి ఉంటే ‘రాజకీయం’ అన్న మినహాయింపు దొరకడం కష్టమయ్యేది.

అదే ఏడాది అమెరికాలో కథ అడ్డం తిరిగింది. 2001 జూన్‌లో బ్యాంకాక్‌లోని వియత్నాం ఎంబసీలో పేలుడు పదార్థాలు పెట్టిన కేసు అది, అవి పేలలేదు. నిందితుడిని థాయ్‌లాండ్‌కు అప్పగించవచ్చని ఫెడరల్ అప్పీళ్ల కోర్టు చెప్పింది. ఆ కోర్టు సూత్రం ప్రకారం నేరం జరిగిన చోట తిరుగుబాటు రగులుతూ ఉండాలి. బ్యాంకాక్‌లో అప్పుడు తిరుగుబాటేమీ లేదు. పరీక్షకు రాసేటప్పుడు ఈ రెండు తీర్పులనూ పక్కపక్కన పెట్టండి.

మన 1962 అప్పగింతల చట్టంలో 31వ సెక్షన్ రాజకీయ నేరానికి మినహాయింపు ఇస్తుంది. అయితే షెడ్యూల్‌లో ఉన్న హత్య, హైజాకింగ్ వంటి నేరాలకు ఆ సాకు చెల్లదు. చాలామంది సెక్షన్ చదివి ఆగిపోతారు, షెడ్యూల్ తిప్పి చూడరు.

ప్ర: ఇలాంటి ప్రభుత్వం పాత ప్రభుత్వపు బ్యాంకు ఖాతాలు అడగవచ్చా?
– మలక్‌పేట పాఠకుడు

జ: దీనికి జవాబు మన ఊళ్లోనే ఉంది. 1948 సెప్టెంబర్ 17న నిజాం లొంగుబాటు ప్రకటించాడు. 20న లండన్‌లోని బ్యాంకులో ఉన్న నిజాం సర్కారు సొమ్ము 10,07,940 పౌండ్ల 9 షిల్లింగులు పాకిస్తాన్ హైకమిషనర్ ఖాతాలోకి మారాయి. వారం తిరిగేసరికి నిజాం అది తన అనుమతితో జరగలేదన్నాడు. ఖాతా స్తంభించింది. 1957లో బ్రిటన్ ప్రభువుల సభ (హౌస్ ఆఫ్ లార్డ్స్) పాకిస్తాన్ సార్వభౌమాధికారానికి విలువిచ్చి కేసు ఆపేసింది. చివరికి 2019 అక్టోబర్‌లో, మొత్తం సుమారు 3.5 కోట్ల పౌండ్లకు పెరిగాక, తీర్పు నిజాం వారసులకూ భారత్‌కూ అనుకూలంగా వచ్చింది. సంతకం పెట్టే అధికారం ఎవరిదో తేలకపోతే బ్యాంకు డెబ్బై ఏళ్లయినా డబ్బు కదపదు. ఇక ఏ దేశమూ గుర్తించని కేబినెట్‌కు బ్యాంకు కౌంటర్ దగ్గర జవాబు ఏమొస్తుందో ఊహించుకోవచ్చు.

ప్ర: వియత్నాంలో ఇంతకుముందు కూడా పరాయి గడ్డ మీద నుంచి ఏలబోయినవాళ్లు ఉన్నారా?
– హిమాయత్‌నగర్ పాఠకుడు

జ: ఉన్నారు. న్గుయెన్ వంశపు రాకుమారుడు కుయాంగ్ దే 1906లో జపాన్ చేరాడు. 1912లో చైనాలో పుట్టిన వియత్నాం పునరుద్ధరణ సంఘానికి అధ్యక్షుడయ్యాడు. 1945 మార్చిలో జపాన్ ఫ్రెంచి పాలనను కూలదోసినప్పుడు తనకు పట్టం కడతారని ఎదురుచూశాడు. జపాన్ మాత్రం అప్పటి చక్రవర్తి బావో దాయ్‌నే కొనసాగించింది. కుయాంగ్ దే 1951లో టోక్యోలో పోయాడు.

బావో దాయ్ కథ తలకిందులు. ఆయన ప్రభుత్వానికి గుర్తింపు ఉంది, 1950 ఫిబ్రవరిలో అమెరికా, బ్రిటన్ ఇచ్చాయి. మనిషే దేశంలో ఎక్కువ కాలం నిలవలేదు, ఫ్రాన్స్‌లోని కాన్‌లోనే మకాం. 1955 అక్టోబర్ 23న ప్రధాని జియెమ్ రెఫరెండం పెట్టి దేశాధినేత పదవి నుంచి ఊడ్చేశాడు. జియెమ్‌కు 98 శాతం ఓట్లట. సైగాన్‌లో దాదాపు నాలుగున్నర లక్షల ఓటర్లుంటే, ఆరు లక్షలకు పైగా ఓట్లు పడ్డాయి.

ప్ర: మా అబ్బాయి ఆరెంజ్ కౌంటీలో ఉద్యోగం చేస్తాడు. ‘వియత్నాం తాత్కాలిక ప్రభుత్వం’ సభ్యత్వ ఫారం ఎవరో ఇచ్చారట. డిసెంబర్‌లో మేమంతా వియత్నాంలోని డా నాంగ్ వెళ్తున్నాం. సంతకం పెట్టొచ్చా?
– కూకట్‌పల్లి పాఠకురాలు

జ: వద్దనండి. కాలిఫోర్నియాలో ఉన్న ‘వియత్నాం జాతీయ తాత్కాలిక ప్రభుత్వం’ అనే సంస్థను వియత్నాం 2018 జనవరిలో ఉగ్రవాద సంస్థగా ప్రకటించింది. ఆ దేశ శిక్షాస్మృతిలోని సెక్షన్లు 109 (ప్రభుత్వాన్ని కూలదోయడం), 113 (ఉగ్రవాదం), 117 (వ్యతిరేక ప్రచారం) విదేశీయులకూ తగులుకోగలవు. ఫేస్‌బుక్‌లో పసుపు జెండాతో ఫొటో ఉంటే ప్రయాణానికి ముందు తీసేయమనండి.

అసలు చిక్కు అమెరికాలోనే. వీసాకు నింపే డీఎస్-160లో ఏ సంస్థలకు చెందారు, వేటికి విరాళమిచ్చారు అని అడుగుతారు. గ్రీన్ కార్డు ఫారం ఐ-485లోనూ సభ్యత్వాలు రాయాలి. హింసకు దిగిన సంస్థ అమెరికా అధికారిక జాబితాలో లేకపోయినా, దానికి ఇచ్చిన సొమ్ము వలస చట్టం కింద అనర్హతకు దారి తీయవచ్చు. ‘పది డాలర్లే కదా’ అన్నది అక్కడ వాదన కాదు. ఇప్పటికే సంతకం పెట్టి ఉంటే దాచవద్దు. రాజీనామా ఈమెయిల్ పంపి, దాని ప్రతి ఉంచుకుని, తర్వాతి ఫారం నింపే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌కు చూపించమనండి.