శనిని చూడనన్న పిన్నిగారు, రోడ్డు మీద పోయిన ఆవగింజ

మీరు అడిగింది ఇదీ: "నాలుగో తరగతి చదివే మా పాప గ్రహాలు, చందమామలు, గ్రహశకలాలు అంటూ రోజూ ప్రశ్నలతో ప్రాణం తీస్తోంది. ఫోన్లో చూసి చదివి చెబితే దానికి ఎక్కట్లేదు. తేలిగ్గా ఎలా చెప్పాలి?"

నేను గోదావరి పక్క ఊళ్ళో జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. 2015 పుష్కరాలు అయిన ఏడాది చలికాలంలో ఆరంగుళాల డాబ్సోనియన్ టెలిస్కోప్ ఒకటి కొన్నాను. ఆ డబ్బుతో ఫ్రిజ్ మార్చి ఉండొచ్చని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. అప్పట్నుంచీ డాబా మీదా, బడి గ్రౌండులోనూ చూపిస్తూనే ఉన్నాను. ఎవరొచ్చినా అడిగేవి తిప్పితిప్పి ఓ పది ప్రశ్నలే. అవి వినీ వినీ నాకు అర్థమైంది ఒకటుంది. గ్రహాలు ఎలా కదులుతాయో మనవాళ్ళకి తెలుసు, కాకపోతే తెలుసన్న సంగతి తెలియదు. ఎంత దూరంలో ఉంటాయో మాత్రం అస్సలు తెలియదు. ఆ రెండోదానికి తప్పు మనది కాదు, క్లాసు గోడ మీద వేలాడే చార్టుది.

ముందు కదలిక సంగతి.

2017 మే ఆఖర్లో ఒక రాత్రి కరెంటు పోయి వీధి వీధంతా డాబాలెక్కింది. పది దాటింది, ఆగ్నేయంలో శని ఓ మోస్తరు పైకొచ్చి ఉన్నాడు. పక్కింటి పిన్నిగారిని రమ్మన్నాను.

"శనినా? నేను చూడను బాబూ. ఈ జనవరిలోనే ఏలినాటి శని మొదలైంది నాకు. ఆయన నన్ను చూస్తున్నది చాలదా, మళ్ళీ నేను కూడా ఆయన్ని చూడాలా?"

ఆవిడది మకర రాశి. మనవడు చెయ్యి పట్టి లాక్కొచ్చి ఐపీస్ దగ్గర కన్ను పెట్టించాడు. అర నిమిషం ఉలుకూ పలుకూ లేదు. తర్వాత మెల్లిగా, "చేతి గాజు మధ్యలో ముత్యం పెట్టినట్టుందే" అన్నారు. ఇన్నేళ్ళలో శని గురించి నేను విన్న మాటల్లో అంతకంటే మంచిది లేదు.

ఇప్పుడు లెక్క చూడండి. శని సూర్యుణ్ణి ఒక చుట్టు తిరిగి రావడానికి దాదాపు 29న్నర ఏళ్ళు. పన్నెండు రాశులకు పంచితే రాశికి రెండున్నర ఏళ్ళు, మూడు రాశులకు ఏడున్నర. ఏలినాటి శని అంటే అదే. ఫలితాలు నేను నమ్మను, లెక్క మాత్రం అచ్చంగా ఆకాశంలోదే. పన్నెండులో మూడంటే చుట్టులో పావు వంతు కదా. శని వలయాలు దాని కక్ష్యకు సుమారు 27 డిగ్రీలు వాలి ఉంటాయి, ఆ వాలు ఎప్పుడూ ఒకే దిక్కుకి. అందుకని ఒకచోట ఉన్నప్పుడు పళ్ళెం మనవైపు వంచినట్టు బాగా విచ్చుకుని కనిపిస్తాయి. అక్కణ్ణుంచి పావు చుట్టు వెళ్ళేసరికి పళ్ళెం అంచొక్కటే మనవైపు ఉంటుంది. 2017లో పూర్తిగా విచ్చుకున్నాయి. 2025 మార్చిలో అంచుమీదికి వచ్చేశాయి. వలయాలు ఈ చివర నుంచి ఆ చివరకి 2,70,000 కిలోమీటర్ల పైనే, మందం మాత్రం చాలాచోట్ల పదుల మీటర్లే. అంచుమీదికొస్తే ఇంక కనిపించేదేముంది?

పిన్నిగారి ఏలినాటి శని వదిలింది కూడా సరిగ్గా ఆ మార్చిలోనే, శని మీనంలోకి వెళ్ళినప్పుడు. డిసెంబర్లో ఆవిడే వచ్చారు, ఇంక భయం దేనికని. కన్ను పెట్టి, "ముత్యం ఉంది. గాజేదీ?" అన్నారు. ముత్యానికి సూది గుచ్చినట్టు సన్నటి గీత ఉందంతే. పళ్ళెం, అంచు అంటూ చెప్పాను. అంతా విని, "అయితే ఈసారి ఆయనకే పట్టిందన్నమాట" అని కిందికి దిగిపోయారు. దిగులు పడాల్సిందేమీ లేదు, ఏడాదికేడాదికి గాజు మళ్ళీ విచ్చుకుంటుంది. ఇదే సంగతి తెలియక గెలీలియో తికమకపడ్డాడు. 1610లో శనికి అటూ ఇటూ చెవుల్లాంటివి చూశాడు, 1612కల్లా అవి మాయం. అవి వలయమని 1659లో డచ్ శాస్త్రజ్ఞుడు హైగెన్స్ పుస్తకం రాసేదాకా తేలలేదు.

మీ పాపకి గురుడి గురించి చెప్పాలంటే పుష్కరాల నుంచి మొదలుపెట్టండి. గురుడు సింహంలోకి వస్తే గోదావరికి, కన్యలోకి వస్తే కృష్ణకి. గోదావరికి 2003, 2015, ఇప్పుడు 2027. అంటే ఈ పన్నెండేళ్ళూ గురుడి ఒక సంవత్సరం. కచ్చితంగా పన్నెండు కాదు, 11.86. ఆ తగ్గిన కొంచెం కొంచెం పోగయ్యి, ఎనభై చిల్లర ఏళ్ళకోసారి ఒక ఏడాది ముందుకు జరుగుతుంది. హరిద్వార్ కుంభమేళా 2010 తర్వాత పన్నెండేళ్ళకి కాకుండా 2021లోనే వచ్చింది అందుకే. ఇది చెప్పినప్పుడు మా తొమ్మిదో తరగతి పిల్లలు మొదటిసారి దశాంశాలంటే గౌరవం చూపించారు.

శుక్రుడికి మూఢం ఉంది. "మూఢం వచ్చింది, పెళ్ళిళ్ళు లేవు" అంటారు, ఎందుకు వచ్చిందో ఎవరూ అడగరు. శుక్రుడు సూర్యుడికి మరీ దగ్గరగా కనిపించే రోజుల్లో ఆ వెలుగులో కలిసిపోయి మనకు కనబడడు, అదే మూఢం. ఒక్కోసారి రెండు నెలలు దాటుతుంది, ఒక్కోసారి వారం పది రోజుల్లో అయిపోతుంది. సూర్యుడి వెనకనుంచి వెళ్ళేటప్పుడు మనకు చాలా దూరం, నెమ్మదిగా జరిగినట్టుంటాడు. మనకీ సూర్యుడికీ మధ్యలోంచి వెళ్ళేటప్పుడు దగ్గర, గబగబా దాటేస్తాడు. ఆ వెంటనే తెల్లవారుజామున వేగుచుక్కై తేలతాడు. అన్నట్టు, అన్నిటికంటే వేడి గ్రహం ఏదంటే సూర్యుడి పక్కనున్న బుధుడే అనుకుంటారు అందరూ. కాదు, శుక్రుడే. దట్టమైన కార్బన్ డయాక్సైడ్ దుప్పటి కప్పుకుని 460 డిగ్రీల పైన ఉడుకుతూ ఉంటాడు.

ఇక దూరం. ఇక్కడే చార్టు మనల్ని ముంచింది. తొమ్మిది బంతులు బొమ్మల కొలువులా వరసగా, మధ్యలో గ్రహశకలాలు కంకర కుప్పలా గీస్తారు. దాన్ని వదిలించడానికి ఏటా ఎనిమిదో తరగతిని రోడ్డు మీదికి తీసుకెళ్తాను.

బడి గేటు దగ్గర ఫుట్‌బాల్ పెడతాం. అది సూర్యుడు. ఆ లెక్కలో భూమి రెండు మిల్లీమీటర్ల ఆవగింజ, బంతికి ఇరవై మూడున్నర మీటర్ల దూరంలో. ముప్ఫై అడుగులు వేయమని మొదటి ఏడాది ఒక అబ్బాయికి అరచేతిలో ఆవగింజ పెట్టి పంపాను. ఇరవై అడుగులకే ఆగిపోయి, నేలంతా చూసుకుంటూ, "సార్, భూమి పోయింది!" అని అరిచాడు. అప్పట్నుంచీ అట్టముక్కకి టేపుతో అంటించి పంపుతున్నాను.

చంద్రుడు బొంబాయి రవ్వ పలుకంత, ఆవగింజ పక్కనే ఆరు సెంటీమీటర్లలో, మూడు వేళ్ళ వెడల్పు అనుకోండి. మనిషి స్వయంగా వెళ్ళింది ఇంతవరకూ ఆ మూడు వేళ్ళ దూరమే. కుజుడు గసగసం, బంతికి ముప్ఫై ఆరు మీటర్లు. గురుడు గోలీకాయ కంటే కాస్త పెద్దది, నూట ఇరవై మీటర్లు, కిరాణా కొట్టు దగ్గర. శని రెండొందల పాతిక మీటర్లు. నెప్ట్యూన్ బఠాణీ గింజ, ఏడొందల మీటర్లు, రామాలయం దాటి చెరువు గట్టు మీద. అక్కడిదాకా నడిచేది ఎప్పుడూ ముగ్గురే, మిగతావాళ్ళు కొట్టు దగ్గర రాలిపోతారు. మరి పక్క నక్షత్రం ఎక్కడ పెట్టాలి అని ఎవరో ఒకరు అడుగుతారు. ఈ లెక్కలో ఆరు వేల మూడొందల కిలోమీటర్లు, యూరప్‌లో ఎక్కడో ఇంకో చిన్న బంతి.

గ్రహశకలాల పట్టీ ఈ రోడ్డు మీద ఎక్కడుంది? ఎక్కువ భాగం యాభై నుంచి డెబ్భై అయిదు మీటర్ల మధ్య. అన్నిట్లోకీ పెద్దది సిరిస్, 940 కిలోమీటర్లు. మన రోడ్డు మీద కంటికి ఆనీ ఆనని ధూళి కణం. లక్షల కొద్దీ ఉన్నాయి, నిజమే, కానీ అన్నిటినీ కలిపి ముద్ద చేసినా మన చంద్రుడి బరువులో వందో వంతుకి మూడు రెట్లే. అందుకే సినిమాల్లో చూపించినట్టు రాళ్ళ మధ్య మెలికలు తిరుగుతూ రాకెట్ నడపాల్సిన అవసరం రాదు. 1972, 73లో పయనీర్ 10 అనే వ్యోమనౌక ఆ పట్టీలోంచి నేరుగా దాటిపోయింది, పెద్ద దెబ్బేమీ తగల్లేదు.

ప్లూటోని ఎందుకు తీసేశారని పెద్దవాళ్ళు కోపంగా అడుగుతారు, సొంత బంధువు ఉద్యోగం తీసేసినట్టు. అసలు ఇలా జరగడం ఇది రెండోసారి. 1801 జనవరి 1న పియాజీ అనే ఇటలీ ఖగోళ శాస్త్రజ్ఞుడు సిరిస్‌ని కనిపెట్టినప్పుడు దాన్నీ గ్రహమనే అన్నారు, కొన్ని దశాబ్దాలు పుస్తకాల్లో గ్రహంగానే రాశారు. తర్వాత ఆ చుట్టుపక్కల అలాంటివి బోలెడు దొరికేసరికి జాబితాలోంచి దింపారు. ప్లూటోకీ అంతే. 1930లో దొరికింది. 2005లో దానంత ఉన్న ఎరిస్ బయటపడింది. దాన్ని పదో గ్రహం అనాలా, ప్లూటోని దింపాలా అన్న ప్రశ్న వచ్చింది. 2006 ఆగస్టులో ప్రాగ్‌లో ఖగోళ శాస్త్రజ్ఞులు ఓటేసి, తన దారిలో తానే పెద్దయి ఉంటేనే గ్రహం అన్నారు. ప్లూటో మన చంద్రుడి కంటే చిన్నది. ఉద్యోగం పోలేదండీ, కేడర్ మారిందంతే అని చెబుతాను. టీచర్లకి ఇది వెంటనే అర్థమవుతుంది.

శనికి ఉపగ్రహాలెన్ని అనే బిట్టు మీద పిల్లలు కొట్టుకుంటారు. ఒక గైడులో 62, ఒకదాంట్లో 82, ఇంకోదాంట్లో 145. ముగ్గురివీ వాళ్ళ వాళ్ళ కాలానికి సరైనవే. 2025 మార్చిలో ఒకేసారి 128 కొత్తవి కలిసి 274 అయ్యాయి. చాలావరకూ కొన్ని కిలోమీటర్ల రాళ్ళే. అలాంటివి లెక్కించడం కంటే వాటిలో అన్నిటికంటే పెద్దదైన టైటన్ ఒక్కదాన్ని చూపిస్తే మేలు.

చంద్రుడు మనకు ఒక ముఖమే ఎందుకు చూపిస్తాడు, అసలు తన చుట్టూ తాను తిరగడా? దీనికి గుడికి తీసుకెళ్ళండి. ప్రదక్షిణ చేసేటప్పుడు కుడి భుజం ఎప్పుడూ గర్భగుడి వైపే ఉంటుంది. గుడి మీ ఎడమ భుజాన్ని ఒక్కసారీ చూడదు. అయినా ఒక చుట్టు అయ్యేసరికి మీ ముఖం నాలుగు దిక్కులకీ తిరిగింది కదా. అంటే చంద్రుడు మన చుట్టూ ఒకసారి తిరిగేలోపు తన చుట్టూ కూడా ఒకసారి తిరిగాడు. కనిపించని ఆ ఎడమ భుజం చీకట్లో ఉంటుందనుకోకండి, దానికీ రెండు వారాల ఎండ పడుతుంది. చంద్రయాన్-3 దిగింది అటువైపని చాలామంది అనుకుంటారు. అది మనకు కనిపించే వైపే, దక్షిణ ధ్రువానికి దగ్గరగా దిగింది.

భయం ప్రశ్న చివరికి ఎలాగూ వస్తుంది. 2025 ఫిబ్రవరిలో 2024 వైఆర్4 అనే అరవై మీటర్ల రాయి 2032లో భూమిని గుద్దే అవకాశం ఉందని వార్తలొచ్చాయి. ఒక శాతం అన్నారు, రెండన్నారు, 3.1 దాకా వెళ్ళింది. టీవీలో ఎర్రటి భూమి బొమ్మ చూసి మా హెడ్మాస్టరుగారే ఫోన్ చేశారు, "రోజురోజుకీ పెరుగుతోందేమిటయ్యా?" అని. వారం తిరక్కుండానే దాదాపు సున్నా అయింది. బండి తాళంచెవి కనపడలేదనుకోండి. హాల్లో లేదు, వంటింట్లో లేదు అని ఒక్కో గదీ కొట్టేస్తుంటే, మిగిలిన గదిలో ఉండే అవకాశం పెరుగుతూ పోతుంది. చివరికి చూస్తే బండికే ఉంటుంది. రాయి వెళ్ళే దారినీ అలాగే కొత్తగా చూసిన ప్రతిసారీ కుదించుకుంటూ వస్తారు. భూమి చివరిదాకా ఆ మిగిలిన గదుల్లో ఉంది, ఆఖర్న తప్పుకుంది. దిశ మార్చగలమా అంటే, 2022 సెప్టెంబర్‌లో డార్ట్ అనే వ్యోమనౌకతో డైమోర్ఫస్ అనే చిన్న శకలాన్ని కావాలని గుద్ది చూశారు. తన పెద్ద జంట చుట్టూ అది తిరిగే సమయం అరగంట పైన తగ్గింది.

మీ పాపతో ముందు ఆవగింజ ఆట ఆడండి. అది అయ్యాక, గురుడు కనిపించే నెలల్లో మామూలు బైనాక్యులర్ చాలు. గోడకి ఆనించి కదలకుండా పట్టుకుంటే పక్కన చుక్కల్లా నాలుగు ఉపగ్రహాలు కనిపిస్తాయి, కొన్ని రాత్రులు మూడే. రోజూ ఎటువైపు ఎన్ని ఉన్నాయో నోటుబుక్కులో గుండ్రాలూ చుక్కలూ పెట్టించండి. ఏది ఎక్కడికెళ్ళిందో వారంలో తనే మీకు చెబుతుంది.

ఆవగింజలు మాత్రం జేబులో ఓ పది ఎక్కువే వేసుకుని వెళ్ళండి.