రోజూ చేస్తాను, రేపు చేస్తాను: ఇంగ్లీషులో ‘విల్’ ఎక్కడ వాడాలి?

విదేశానికి కొత్తగా వచ్చిన మనవారు ఇంగ్లీషులో ‘విల్’ను అవసరానికి మించి వాడడానికి మూలం మన క్రియాపదంలోనే ఉంది. తెలుగులో ‘చేస్తాను’ అన్న ఒక్క రూపమే ‘రోజూ’ పక్కన చేరితే అలవాటును, ‘రేపు’ పక్కన చేరితే భవిష్యత్తును చెబుతుంది; ఇంగ్లీషులో ఆ రెండింటికీ వేర్వేరు రూపాలున్నాయి. నేను ఉద్యోగంలో చేరిన కొన్ని నెలలకు, బ్యాకప్ ఎవరు తీస్తున్నారని మేనేజరు అడిగితే, ‘నేనే రోజూ రాత్రి తీస్తాను’ అన్న ఉద్దేశంతో ‘ఐ విల్ టేక్ ద బ్యాకప్ ఎవ్రీ నైట్’ అన్నాను. అంతవరకూ ఎవరూ తీయలేదని, ఇకమీదట నేను తీస్తానంటున్నానని అర్థం చేసుకుని ఆయన చాలా కంగారుపడ్డారు. ‘ఐ టేక్’ అని ఉంటే సరిపోయేది.

‘చేయను’ అనవలసి వచ్చినప్పుడు చిక్కు ఇంకా ఎక్కువ. రాత్రిళ్లు కారు నడిపే అలవాటు లేదని చెప్పబోయి ‘ఐ వోంట్ డ్రైవ్ ఎట్ నైట్’ అంటే, నడపనని భీష్మించుకున్నట్టు వినబడుతుంది. అక్కడ ‘ఐ డోంట్ డ్రైవ్’ అనాలి.

‘విల్’కు అసలైన చోటు అప్పటికప్పుడు తీసుకునే నిర్ణయం. ఫోను మోగగానే లేస్తూ ‘ఐ విల్ గెట్ ఇట్’ అంటారు. సాయం చేస్తామన్నా, మాట ఇచ్చినా, ‘ఐ థింక్’ అంటూ మన అంచనా చెప్పినా అదే వాడతాం. ముందే అనుకున్న పనికి మాత్రం ‘గోయింగ్ టు’ రావాలి. సహోద్యోగిని ఆసుపత్రిలో చేర్చారని మీకు నిన్ననే తెలిసి, వెళ్లి చూడాలని అప్పుడే నిశ్చయించుకున్నారనుకుందాం. ఈరోజు ఎవరైనా ఆ సంగతి ఎత్తినప్పుడు ‘ఐ విల్ విజిట్ హర్’ అంటే మీరు ఇప్పుడే విన్నారనుకుంటారు. ‘ఐ యామ్ గోయింగ్ టు విజిట్ హర్’ అంటే ఆమె గురించి ముందే ఆలోచించారని గ్రహిస్తారు. ఇంత సున్నితమైన తేడాను ఇక్కడివారు తమకు తెలియకుండానే పట్టేస్తారు కాబట్టి, దీన్ని శ్రద్ధగా అలవరచుకోమని నా మనవి.

డాక్టరుతో సమయం ఖరారైతే ‘ఐ యామ్ సీయింగ్ ద డాక్టర్ టుమారో’ అనాలి. టైమ్‌టేబుల్ ప్రకారం నడిచే రైలుకు ‘ద ట్రైన్ లీవ్స్ ఎట్ సిక్స్’ చాలు.

‘ఇఫ్’, ‘వెన్’ల దగ్గర మన భాషే దారి చూపుతుంది. ‘వాన పడితే ఆగిపోతాం’, ‘ఆయన వచ్చినప్పుడు చెబుతాను’ అన్న వాక్యాల మొదటి సగంలో భవిష్యత్తు గుర్తు లేనట్టే, ఇంగ్లీషులోనూ ‘ఇఫ్ ఇట్ రెయిన్స్’, ‘వెన్ హీ కమ్స్’ అనే అంటారు. ‘ఆగిపోతాం’, ‘చెబుతాను’ అనే రెండో సగంలోనే ‘విల్’ వస్తుంది.