పావిలాండ్ గుహకు వెళ్లాలంటే తిథి చూసుకోండి

ప్రశ్న: మేం వేల్స్‌లోని స్వాన్సీలో ఉంటాం. ఉగాది తర్వాత వచ్చే శనివారం ఆరేడు తెలుగు కుటుంబాలం కలిసి గవర్ తీరం వెంట నడిచి పావిలాండ్ గుహ చూద్దామనుకుంటున్నాం. చిన్నపిల్లలు, ఇండియా నుంచి వచ్చిన మా అత్తయ్యగారు కూడా ఉంటారు. అందరం గుహలోకి వెళ్లగలమా?
– ఒక పాఠకురాలు, స్వాన్సీ

జవాబు: అందరూ వెళ్లలేరమ్మా. కొండచరియలో సముద్రం వైపు తెరుచుకున్న గుహ అది. పోటు తగ్గి నీళ్లు వెనక్కి పోయినప్పుడే కింద రాళ్ల మీదుగా చేరగలం. ఆ రాళ్లు నాచు పట్టి జారుతుంటాయి. చివర్లో చేతులతో పట్టుకుని పైకెక్కాలి. మా అబ్బాయి దగ్గరికి వచ్చినప్పుడు నేనూ వెళ్లాను కాబట్టి గట్టిగా చెబుతున్నాను: పిల్లల్నీ అత్తయ్యగారినీ అక్కడికి దింపకండి. రోసిలిలో కొండ మీద నుంచి సముద్రం చూస్తూ పులిహోర తినడం వాళ్లకు హాయిగా ఉంటుంది.

ఇక మీరు వెళ్లే రోజు సంగతి. శనివారమని కాదు, తిథిని బట్టి ఎంచుకోండి. ఉగాది అమావాస్య మర్నాడు వస్తుంది. అమావాస్య, పున్నమి దాటిన ఒకటి రెండు రోజులకు సముద్రం బాగా లోపలికి పోతుంది, అంతే ఎత్తున తిరిగొస్తుంది. పగలూ రాత్రీ సమానమయ్యే మార్చి, ఏప్రిల్ రోజుల్లో అది మరీ ఎక్కువ. స్వాన్సీ దగ్గర ఆ రోజుల్లో నీళ్లు బాగా తగ్గేది మధ్యాహ్నం పూటే. అంటే పండగ రోజు, ఆ మర్నాడు మీకు బాగా కుదురుతాయి. శనివారం నాలుగైదు రోజుల తర్వాత వస్తే నీళ్లు తగ్గే సమయం సాయంత్రానికి జరిగిపోతుంది, తగ్గడం కూడా అంతంతమాత్రమే. స్వాన్సీ ఆటుపోట్ల పట్టిక చూసి, నీళ్లు పూర్తిగా తగ్గడానికి గంట ముందే రాళ్ల దగ్గర ఉండండి. తగ్గే సమయానికల్లా వెనక్కి బయల్దేరండి. ఆ సముద్రం తిరిగొచ్చే వేగం మామూలుగా ఉండదు. ఎవరైనా చిక్కుకుంటే 999కి ఫోన్ చేసి కోస్ట్‌గార్డ్ కావాలని చెప్పండి.

ఇంత శ్రమ ఎందుకంటారా? 1823లో విలియం బక్లాండ్ అనే ఆక్స్‌ఫర్డ్ ప్రొఫెసర్ ఇక్కడ తవ్వితే, మన అరుగులకు పూసే జాజులాంటి ఎర్రమట్టి పట్టిన ఎముకలు దొరికాయి. పక్కన గవ్వలు, దంతపు కడ్డీలు. రోమన్ల కాలపు స్త్రీ అనుకున్నాడాయన. అందుకే ‘రెడ్ లేడీ’ అన్న పేరు నిలిచిపోయింది. నిజానికి ఆ ఎముకలు ఒక యువకుడివి, వయసు దాదాపు 33,000 ఏళ్లు. అప్పట్లో సముద్రం ఎక్కడో దూరాన ఉండేది. ఇప్పుడు మీకు కనిపించే నీళ్ల చోట మామత్‌లు మేసే మైదానం. చనిపోయిన మనిషిని తనవాళ్లు అంత శ్రద్ధగా సాగనంపిన చోటు అది. పిల్లలకు ఆ కథ పైనే చెప్పండి. లోపలికి వెళ్లేవాళ్లు చిన్న రాయి కూడా ఏరుకోవద్దు.

ఎముకలు మాత్రం ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు నేచురల్ హిస్టరీ మ్యూజియంలో ఉన్నాయి. గుహలోకి దిగలేని అత్తయ్యగారిని ఇంకో సెలవు రోజున అక్కడికి తీసుకెళ్లండి. ప్రవేశం ఉచితం.